తోటపాట

1970 వ సంవత్సరమున లండనులో ఒక గ్రామఫోను సంపుటము వెలువడినది. పాటలు కట్టినవాడును పాడినవాడును ఒక్కడే; పేరు బిల్ ఫే. సంపుటమునకును అదియే పేరు. వెలువరించినది డెక్కా సంస్థకు శాఖయైన డెరామ్. అది సామాన్యమైన శాఖ కాదు. 1967 లో డేవిడ్ బోవీ తొలి సంపుటమును, కాట్ స్టీవెన్సు తొలి సంపుటమును, మూడీ బ్లూస్ అను బృందమువారు ఆర్కెస్ట్రాతో కూర్చిన సంపుటమును లోకమున కిచ్చినది అదియే. వారందఱును దేశదేశముల వినబడిరి. బిల్ ఫే వినబడలేదు. మఱుసటి యేట రెండవ సంపుటము వచ్చెను, అదియు అమ్ముడుపోలేదు. సంస్థ ఆయనను విడిచిపెట్టినది. అటుపిమ్మట 2012 వఱకు, అనగా నలువదియొక్క సంవత్సరములు, ఆయనను స్టూడియోకు పిలిచి, కొత్త పాటలు పాడించి, సంపుటముగ వెలువరించిన సంస్థ యొక్కటియు లేకపోయెను.

ఇది మనకేల యని చదువరు లడుగుట న్యాయమే. మేము ఉన్నతపాఠశాలలో భాషలు చెప్పు ఉపాధ్యాయులము. కాళిదాసును కొంత, షెల్లీని కొంత పిల్లలకు చెప్పి ఇరువదియేండ్లు గడపినవారము. పాశ్చాత్యసంగీతమున మాకు పాండిత్యము లేదు. ఈ సంపుటము మా యింటికి మా అమ్మాయి మూలమున వచ్చినది. ఆమె బి.ఎస్సీ. కడపటి సంవత్సరము చదువుచున్నది. తొమ్మిదవయేటనుండి వయొలిను నేర్చుకొన్నది. రెండేండ్లుగా తానే వరుసలు కట్టుచున్నది. కట్టినదానిని టెలిఫోనులో ఎక్కించి, అంతర్జాలమున ఉంచి, ప్రొద్దున లేవగానే ఎందఱు వినిరో లెక్క చూచుకొనును. ఒకనాడు పదునేడుగురు; ఒకనాడు నలుగురు. ఆ నలుగురిలో ఒకరము మేమే.

ఒక యాదివారము ఆమె మా కుర్చీ దగ్గఱకు వచ్చి, "నాన్నగారూ, ఈయన పాట ఒకటి వినండి. యాభై యేళ్ళ కిందట ఎవరూ వినలేదట" అన్నది. ఎవరును విననిదానిని మనమేల వినవలె నని లోలోపల అనుకొనుచునే వింటిమి.

మొదటి పాట పేరు 'గార్డెన్ సాంగ్'. తోటపాట అందము. అందులో పాడువాడు కూరగాయల మడిలో తన్ను తానే మొలకవలె నాటుకొందు నని చెప్పును. వానకై, మంచుకై కాచుకొనును. ఆకుపురుగులతోను సాలెపురుగుతోను బంధుత్వము కోరును. మాట సన్నది, ఆలోచన చిన్నది. కాని వెనుకనుండి వయొలినులును ఇత్తడివాద్యములును ఒక్క పెట్టున లేచి, ఆ కూరమడిని గొప్ప మైదానముగ చేసివేయును. మా తల్లిగారు చిక్కుడుకాయల ఈనెలు తీయుచు వినుచుండిరి. భావము చెప్పు మనగా చెప్పితిమి. "వాడు వెర్రివాడా, వేదాంతా?" అని యడిగిరి. "రెండూ కొంచెం కొంచెం, నాయనమ్మా" అన్నది అమ్మాయి.

ఈ వాద్యముల సంగతి కొంత చెప్పవలసియున్నది. మన కచేరీలో వయొలిను వాయించువారు గాయకుని నోటివెంట పోవుదురు. ఆయన ఎత్తిన సంగతిని వీరు పట్టుకొందురు. ముందు వ్రాసి యిచ్చినది లేదు. అచట పద్ధతి వేఱు. పాటగాడు పియానోమీద పాట వినిపించి తన పని ముగించును. పిమ్మట వాద్యరచన చేయువా డొకడు కూర్చుండి, ఏ వయొలిను ఏ స్వరమున ప్రవేశింపవలెనో, ట్రంపెట్టు ఎంతసేపు ఊరకుండవలెనో, వాద్యవాద్యమునకు వేఱువేఱుగ కాగితముమీద వ్రాయును. వాద్యకారులు గంటల లెక్కను కూలికి వచ్చి, అదివఱ కెన్నడును చూడని కాగితములను ఎదుట పెట్టుకొని, చూచినది చూచినట్లు వాయించి పోవుదురు. గాయకుని దుఃఖమేమో వారికి తెలియనక్కఱలేదు. అయినను ఆ దుఃఖము వారి చేతులమీదుగానే మనకు చేరును. ఇందలి వింత మాకు ఎన్నిమారులు తలచుకొన్నను తీఱదు.

బిల్ ఫే పాటలకు ఈ రచన చేసినవారు మైక్ గిబ్స్. ఆయన 1937 లో దక్షిణ రొడీషియాలోని సాలిస్బరీలో, అనగా నేటి జింబాబ్వేలోని హరారేలో జన్మించి, అమెరికాలో బోస్టనునందలి బర్క్లీ సంగీతవిద్యాలయమున చదివి, ఇంగ్లండునకు వచ్చిన జాజ్ సంగీతకర్త. తేలిక పాటకు గంభీరమైన తంత్రీవాద్యములను జోడించుట అప్పటికి కొత్త కాదు. 1966 లో బీటిల్సువారి 'ఎలినార్ రిగ్బీ' యను పాటకు జార్జి మార్టిన్ ఎనిమిది తంత్రీవాద్యములు తప్ప వేఱేమియు వాడకుండ రచన చేసెను. మన చెవులకును ఇది కొత్త కాదు. మదరాసు స్టూడియోలలో సాలూరు రాజేశ్వరరావుగారి వంటివారు పాట వెనుక వయొలినుల గుంపును నిలిపి మనకు అలవాటు చేసియే యున్నారు. 'మల్లీశ్వరి' 1951 నాటిది కదా.

కాని బిల్ ఫే సంపుటమున ఒక విశేషమున్నది. ఆయన కంఠము గొప్ప కంఠము కాదు. మెత్తగా, ఇంచుక బెదరుచు, పొరుగింటివారితో గోడమీదుగ మాటాడినట్లు పాడును. పాటలలోని పేర్లును అట్టివే: విల్లీ, స్టాన్, మే. మన వీధిలో సుబ్బయ్య, నరసమ్మ యన్నట్లు. ఇట్టి గొంతు వెనుక అంత పెద్ద వాద్యబృందమును నిలుపుట సాహసము. దోషము లేదని మేమనము. కొన్నిచోట్ల పెండ్లిపందిటిలో బాజాల నడుమ మంత్రము చెప్పు పురోహితుని గొంతువలె ఆయన గొంతు మునిగిపోవును. 'ది సన్ ఈజ్ బోర్డ్' అను పాట మాకు పట్టలేదు. అందు వాద్యములకున్న తొందర పాటకు లేదు. అమ్మాయికి అదియే ఎక్కువ యిష్టము. "మీకు గొంతు ఒక్కటే వినబడుతుంది నాన్నగారూ, నాకు పక్కనుంచి కూడా వినబడుతుంది" అని వాదించినది. వాదము తేలలేదు.

'బీ నాట్ సో ఫియర్‌ఫుల్' అను పాట విషయమున మాత్రము ఇంటిల్లిపాదికిని ఏకాభిప్రాయము కుదిరినది. ఇంతగా భయపడకు మని పేరు. ఎదుటివాని భుజముమీద చేయివేసి చెప్పినట్లుండును. స్వరము మెట్టుమెట్టుగా ఎక్కును, దిగును. సంగీతము రానివాడును రెండవమారు కూడ పాడుకొనగలడు. దేవాలయమున పదుగురు కలిసి పాడు కీర్తన లక్షణ మిదియే కదా. తన్ను లోకము విననున్నదో లేదో తెలియని ఇరువదియాఱేడేండ్ల యువకుడు ఇతరులకు ధైర్యము చెప్పుచు పాడిన పాట యిది.

మా పాఠశాలలో గణితము చెప్పు మిత్రులొకరు సాయంకాలములందు మా యింటికి వత్తురు. ఈ కథ విని యాయన తొడ చఱిచి, "చూశారా మాస్టారూ! మంచిది ఎప్పటికైనా బయటపడుతుంది. నిప్పును మూటగట్టగలమా?" అనిరి. ఆయన కట్లు తోచుట సహజమే. పై నలువదియొక్క యేండ్ల కథకు ఉత్తరభాగ మొకటి యున్నది. 1998 లో ఆ రెండు సంపుటములును కాంపాక్టుడిస్కులుగ మరల వెలువడినవి. అమెరికాలోని విల్కో యను బృందమునకు నాయకుడైన జెఫ్ ట్వీడీ ఆ భయపడకు మను పాటను తన పాటగ పాడుకొనజొచ్చెను. 2002 లో ఆ బృందమునుగూర్చి వచ్చిన చలనచిత్రములోను పాడెను. 2007 లో లండనునందు ఆ బృందము కచేరీ చేయుచుండగా బిల్ ఫే స్వయముగా రంగస్థలమెక్కి వారితో కలిసి పాడెను. ఇక జాషువా హెన్రీ యను అమెరికను యువకుడు తన తండ్రి దాచుకొన్న రికార్డులలో బిల్ ఫే రికార్డును కనుగొని, విని, పెద్దవాడై, ఆయనను వెదకికొనిపోయి, కొత్త సంపుటము పాడించెను. 'లైఫ్ ఈజ్ పీపుల్' అని దాని పేరు; 2012 లో వచ్చినది. పాత రెండవ సంపుటమున గిటారు వాయించిన రే రస్సెల్ ఇందును వాయించెను. ఆయేడే బ్రిటిషు టెలివిజనులో కూర్చుండి బిల్ ఫే ఒక పాట పాడెను. 2015 లో ఒకటి, 2020 లో ఒకటి సంపుటములు వెలువడినవి. 2025 ఫిబ్రవరి 22 వ తేదీన లండనులో ఎనుబదియొక్కటవ యేట ఆయన మరణించెను. అప్పటికి ఆయన పేరు తెలిసినవారు పెక్కు దేశములలో నున్నారు.

భవభూతి మాలతీమాధవప్రస్తావనలో చెప్పుకొన్న ధైర్యమే ఇది. తన కాలమువారు తన్ను మెచ్చకున్నను ముందెన్నడో, ఎచ్చటనో, సమానహృదయుడు పుట్టకపోవునా యని యాయన ఆశ. మేము ఏటేట పిల్లలకు ఆ శ్లోకము చెప్పుచునే యున్నాము, అది చెప్పుచుండగా గొంతు కొంచెము పెగలకపోవుటయు కలదు. అయినను మా మిత్రునితో మేమేకీభవింపలేదు. బయటపడినవానినే మనము లెక్కించుచున్నాము. బయటపడనివానిని లెక్కించుటకు మనకు తెలియదే! జాషువా హెన్రీ తండ్రి ఆ రికార్డును కొనక పోయినను, కొని యిల్లు మాఱునప్పుడు పాఱవేసినను, ఆ బాలుడు తండ్రి వస్తువులను ముట్టకుండ పెరిగినను, ఏమగును? నిప్పు మూటలో దాగదు, నిజము, కాని ఆఱిపోవును. గణితము చెప్పువారికి ఈ లెక్క నేను చెప్పవలెనా యని మేము పరిహాస మాడితిమి. ఆయన నవ్వి, "అయితే అమ్మాయిని మానుకోమంటారా?" అని అడిగిరి. ఆ ప్రశ్నకు నవ్వు రాలేదు.

ఏలయన ఆ ప్రశ్న మా యింట నెలదినములుగ తిరుగుచునే యున్నది. బంధువులు పరామర్శించునప్పు డెల్ల, "ఎంతమంది వింటున్నారు? ఏమైనా వస్తుందా దానివల్ల?" అని అడుగుదురు. అమ్మాయియు ఉదయము లెక్క చూచుకొని ముఖము వంచుకొనును. ఎందఱు వినిరను కొలతబద్ద ఆ యింటిలో అందఱిచేతులలోను ఉన్నది, ఆమెచేతిలోను ఉన్నది.

మా తల్లిగారు మాత్రము వేఱు ప్రశ్న యడిగిరి. బిల్ ఫే కథ యంతయు విని, కాయలు చేటలో పోసి, "అంతా బాగానే ఉంది గాని, ఆ నలభై యేళ్ళూ వాడికి అన్నం ఎవరు పెట్టారు?" అనిరి.

మేము ఇంత చదివి అడుగని ప్రశ్న అది. చెప్పదగిన సమాధానమును ఉన్నది. ఆయన అన్నమును ఆయనయే సంపాదించుకొనెను. వేల్సులోని బాంగర్ విశ్వవిద్యాలయమున ఎలక్ట్రానిక్సు చదివిన ఆ మనుష్యుడు తోటపనియు, పండ్లు కోయు పనియు, కర్మాగారపు పనియు చేసెను. తోటలో తన్ను తాను నాటుకొందునని పాడినవాడు నిజముగనే తోటలో పాఱ పట్టెను. ఇది విధి పరిహాస మని కొందఱు వ్రాసిరి. మాకు అట్లు తోచలేదు. పని ముగించుకొని ఇంటికి వచ్చి పియానో ముందు కూర్చుండెను. పాటలు కట్టుకొనెను. కట్టినవానిని తనకొఱకే రికార్డు చేసికొనెను. 1978 మొదలు 1981 వఱకు కొందఱు మిత్రులతో కలిసి ఒక సంపుటమునకు చాలినన్ని పాటలు పాడి ఉంచగా, అవి 2005 లో గాని వెలికి రాలేదు. జాషువా హెన్రీ తలుపు తట్టునప్పటికి ఆయనవద్ద పాటలు సిద్ధముగ నున్నవి. విడిచిపెట్టినది సంస్థ, ఆయన పాటను విడిచిపెట్టలేదు.

కావున ఆయనకు లేనిది శ్రోతలు. ఉన్నవి మూడు: కూలి, పియానో, సాయంకాలము. ఈ మూడింటిలో కడపటిదానిని గూర్చి మనము తలచుకొనుట తక్కువ. పనినుండి వచ్చినవానికి సాయంకాలము తనది. ఆ గంటలో ఎవరును వచ్చి పాలు కాగినవా యని అడుగలేదు.

ఇచట మా మేనత్తగారి సంగతి చెప్పక తప్పదు. ఆమె మంగళహారతులు, జోలపాటలు, పెండ్లిపాటలు కట్టెడిది. పదునలుగురు తిను ఇంటిలో పెద్దకోడలు. పొయ్యియెదుట కూర్చుండి, ఎసరు మరుగులోపల ఒక చరణము, గంజి వార్చులోపల ఒక చరణము. ఇంటిలెక్కల పుస్తకమున వ్రాయకుండ మిగిలిన పుటలలో పెన్సిలుతో వ్రాసికొనెడిది. ఆమె పోయినప్పుడు మాకు పండ్రెండేండ్లు. ఆ పుస్తకము పాత వార్తాపత్రికలతో కలిసి తూకమునకు పోయినది. ఎవరిమీదను కోపము చెప్పుకొనుటకు వీలులేదు. అది లెక్కల పుస్తకమనియే అందఱును అనుకొనిరి. ఇపుడు మిగిలినది ఒక జోలపాటలో రెండు చరణములు, మా తల్లిగారి నోట. మూడవ చరణ ముండవలె నని ఆమెకు తెలియును, మాటలు రావు.

బిల్ ఫేకును మా మేనత్తగారికిని గల భేదము ప్రతిభలో ఎంతయో చెప్పుటకు మేమెవరము? శ్రోతల విషయమున భేదము లేదు. ఇరువురకును లోకము లేదు. ఆయన కొక గంట యుండెను. ఆమెకు లేకపోయెను. ఆయన పాటకొక రికార్డు ఉండెను. ఆమె పాటకు లెక్కలపుస్తకపు తుదిపుట. స్త్రీవిద్యనుగూర్చి నూఱేండ్లుగా మన పత్రికలు వ్రాసినవి, మన సభలు తీర్మానించినవి, చాలవఱకు ఫలించినవి కూడ. మా అమ్మాయి తరగతిలో సగముకంటె ఎక్కువ బాలికలే. కాని చదువుకొన్న ఆ పిల్ల ఉద్యోగమునుండి ఇంటికి వచ్చిన తరువాత సాయంకాలము ఎవరిదో ఇంకను తీర్మానము కాలేదు.

గతమాసమున ఒక సంబంధము వచ్చినది. చదువు ముగిసి, ఉద్యోగము దొరకి, ఆమె సరే యన్నగాని పెండ్లిమాట లేదని మా యింట అందఱకును తెలియును. ఐనను మధ్యవర్తి పెద్దవారు, వినకపోవుట మర్యాద కాదు. వరునివైపువారు మంచివారు. కట్నము మాట యెత్తలేదు. ఉద్యోగము చేయవచ్చు ననిరి. వయొలినునుగూర్చి మధ్యవర్తిగారు చెప్పిన మాట యిది: "వాళ్ళకి అదేం అభ్యంతరం లేదండీ. పండక్కీ పబ్బానికీ వాయించుకుంటుంది. నలుగురూ వచ్చినప్పుడు వినిపిస్తే వాళ్ళకీ గౌరవమే." నలుగురు వచ్చినప్పుడు! మరల ఆ నలుగురే.

మేము ప్రత్యుత్తరము వ్రాయ కూర్చుంటిమి. అమ్మాయి కోరిక ఇంకను తెలియలేదని, తెలిసినప్పు డొక విషయము ముందుగ అడుగవలసి యుండునని, అది యేమనగా దినమున కొకగంట ఆమె గదితలుపు మూసికొనుటకు ఆ యింట వీలుండునా యనియు వ్రాసితిమి. మా యింటావిడ, ఆమెయు ఉపాధ్యాయినియే, భుజముమీదుగ చదివి, "గంట అడిగితే ఎవరైనా ఇస్తామంటారు. ఆ గంటలో వంట ఎవరు చేస్తారో అడగండి" అన్నది. అట్లే చేర్చితిమి. మధ్యవర్తిగారు చదివి కొంచెము నొచ్చుకొన్నట్లు కనబడిరి, ఐనను అందజేసెదమనిరి. ఉత్తర మింకను రాలేదు.

అమ్మాయి ఉదయమున లెక్క చూచుకొనుట మానలేదు, మొన్న ఇరువదియొక్కరు. ఈ వారమునుండి ఆమె కొత్తపని యొకటి పెట్టుకొన్నది. మా మేనత్తగారి జోలపాటను నాయనమ్మచేత పాడించి, స్వరములు వ్రాసికొని, మూడు వయొలినులకును ఒక చెల్లోకును వేఱువేఱు కాగితములు సిద్ధపఱచుచున్నది. వాయించుటకు స్నేహితురాండ్రు ముగ్గురున్నారు. చెల్లో వాయించువా రీయూర దొరకలేదు. మూడవ చరణము దగ్గఱకు వచ్చి ఆగి, "నాయనమ్మా, ఇక్కడ మాటలు లేవు కదా, ఏం చెయ్యను?" అని యడిగినది. మా తల్లిగారు కొంతసేపు ఆలోచించి, "మాటలు లేకుండానే వాయించు. ఎసరు మరిగిందేమో, లేచి వెళ్ళింది" అనిరి.